గేటు సైదమ్మ రైలెక్కిన రోజు

సైదమ్మ ఇరవై రెండేళ్లు రైలుకు గేటు వేసింది. ఒక్కసారి కూడా ఆ రైలెక్కలేదు. ఈ మాట చెబితే ఎవరైనా నవ్వుతారు. నవ్వండి, తప్పులేదు, సైదమ్మ కూడా నవ్వుతుంది. కానీ గేటు వేసే మనిషే రైలెక్కి కూర్చుంటే గేటు ఎవరు వెయ్యాలి? కంపెనీవాళ్లు దీనికి జవాబు చెప్పలేదు, ఆమె ఎక్కనూ లేదు.

మిర్యాలగూడ నుంచి కృష్ణ వైపు పోయే దారిలో అప్పట్లో సున్నపురాయి కంపెనీ ఒకటి ఉండేది. ఏటి దిక్కున పల్లంలో గని, పైన మెరక మీద రాళ్లు పిండిచేసే మర. రెండింటి మధ్య చిన్న పట్టాలు. ఆ పట్టాల మీద పొట్టి ఆవిరి ఇంజను ఒకటి రోజుకు నాలుగుసార్లు రాళ్ల డబ్బాలు ఈడ్చుకుంటూ ఎత్తెక్కేది. నల్లగా, లావుగా, ఎప్పుడూ రొప్పుతూ ఉండేది కాబట్టి కూలీలు దానికి గున్న అని పేరు పెట్టారు. గున్నను నడిపేది వెంకటయ్య. వెంకటయ్య అంటే ఎవరో కాదు, సైదమ్మ మొగుడే. బొగ్గు వేసే ఫైర్‌మన్ మత్తయ్య. సరిగ్గా ఎత్తు మధ్యలో, ఊళ్ల రోడ్డు పట్టాలను దాటేచోట సైదమ్మ గేటు.

సైదమ్మది పెన్‌పహాడ్ దిక్కు. పుట్టిన పిల్లలు దక్కకపోతే వాళ్లమ్మ జాన్‌పహాడ్ సైదులు దర్గాలో మొక్కుకుంది, అందుకే ఆ పేరు. పద్దెనిమిదేళ్లకు పెళ్లి చేసుకుని కంపెనీ క్వార్టర్‌కు వచ్చింది. రెండేళ్లకు గేటు దగ్గరుండే ముసలాయన మంచాన పడితే, "నాల్గు దినాలు నువ్వు సూడమ్మా" అని మేనేజరు జెండాలు ఆమె చేతిలో పెట్టాడు. ఆ నాలుగు రోజులు ఇరవై రెండేళ్లయ్యాయి.

ఆ ఇరవై రెండేళ్లూ ఒకటే తంతు. రైలొచ్చే వేళకు సైదమ్మ మొహం కడుక్కునేది. జడ బిగించి అల్లి, ఉంటే రెండు కనకాంబరాలు పెట్టుకునేది. బొట్టు సరిచేసుకునేది. చుట్టుపక్కల పత్తి చేలల్లో కలుపు తీసే ఆడవాళ్లు, "అబ్బో, ఎవల కోసమమ్మా గీ ముస్తాబు, మోటరోళ్ల కోసమా?" అని ఆటపట్టించేవాళ్లు. "నా మొగుని కోసం. నీకేం నొస్తుంది?" అని ఆమె దబాయించేది. సిగ్గుపడే రకం కాదు సైదమ్మ. మొగుడు రోజుకు ఎనిమిదిసార్లు తన ముందునుంచి పోతాడు. ఎంతమంది ఆడవాళ్లకు ఆ భాగ్యం ఉంటుంది?

కానీ ఆ మహానుభావుడు ఉన్నాడే, ఆయన నోట్లోంచి ఒక్క మంచిమాట రాలితే ఒట్టు. రాత్రి అన్నం పెడుతూ సైదమ్మ అడిగేది.

"ఏమయ్యా, నీ సీట్లకెళ్లి సూస్తే నేనెట్ల కనవడ్త?"

"గేటు కనవడ్తది."

"గేటు పక్కపొంటి నేనుంట గద."

"గేటు ఏసున్నదా లేదా, గదొక్కటే సూస్త. నాకు బండి నడుపుడు తప్ప వేరే పని లేదనుకున్నవా? పచ్చిపులుసు ఇటు జరుపు."

మొదట్లో ఉడుక్కునేది. తర్వాత్తర్వాత అదొక ఆటగా మారింది. నెలకోసారైనా ఆమె అడిగేది, ఆయన అదే జవాబు చెప్పేవాడు. కానీ మనసు లోపల ఎక్కడో చిన్న ముల్లు ఉండిపోయింది. నిజంగానే చూడలేదా? అన్నేళ్లు ఎండలో, వానలో అంత చక్కగా నిలబడితే, ఒక్కనాడైనా కళ్లెత్తి చూడలేదా? ఆయన కూర్చునే సీట్లో తను ఒక్కసారి కూర్చుని గేటును చూస్తే తెలిసిపోతుంది కదా, మనిషి కనపడుతుందో లేదో. ఆమె కోరిక ఇంతే. బంగారం అడగలేదు, తీర్థాలు తిప్పమనలేదు. అయితే ఇంజను షెడ్డులోకి ఆడవాళ్లను రానిచ్చేవాళ్లు కాదు. ఆమె గేటు ముందు ఇంజను ఆగకుండానే పోయేది. అక్కడ ఆగే వీలే లేదు. ఆ ఎత్తులో ఒకసారి ఆగిందంటే గున్న మళ్లీ బరువులాగి కదలలేదు, చక్రాలు ఉన్నచోటే తిరుగుతాయి. కాబట్టి ఆకాశం విరిగిపడ్డా గేటు దగ్గర బండి ఆపకూడదన్నది వెంకటయ్య పట్టు.

కంపెనీ మూతపడింది. గున్న షెడ్డులో తుప్పుపట్టింది. వెంకటయ్య, మత్తయ్య మిర్యాలగూడలో ఉప్పుడు బియ్యం మిల్లులో బాయిలర్ పనికి కుదిరారు. సైదమ్మ అదే మిల్లులో వడ్లు ఎండబోసింది, చెరిగింది, ఊడ్చింది. వెంకటయ్యకు మోకాళ్లు పోయాయి. సైదమ్మకు జుట్టు తెల్లబడింది. ఇరవై ఏళ్లు అలా గడిచాక ఒకనాడు కోదాడ నుంచి ప్రేమ్ కుమార్ అనే లెక్చరర్ వెతుక్కుంటూ ఇంటికొచ్చాడు.

"వెంకటయ్య గారూ, ఆ ఇంజన్ని మళ్లీ నడపొచ్చంటారా?" అన్నాడు.

వెంకటయ్య ఆయన్ని కిందికీ మీదికీ చూసి, "ఎందుకు?" అన్నాడు.

"జనం చూడ్డానికండి."

"జనానికి పనిలేదా?"

పనిలేకపోవడమేమిటి, జనం ఎగబడ్డారు. ప్రేమ్ కుమార్ ఊరూరా తిరిగి ఒక సంఘం కట్టాడు. రైస్‌మిల్లుల బాయిలర్ మేస్త్రీలు వంతులు వేసుకుని గున్న కడుపులో గొట్టాలు మార్చారు. ఇన్‌స్పెక్టర్ వచ్చి చూసి సర్టిఫికెట్ ఇచ్చాడు. మిగిలిన మూడు కిలోమీటర్ల పట్టాలు సరిచేశారు. రాళ్ల డబ్బాలకు బదులు బల్లలు వేసిన నాలుగు పెట్టెలు తగిలించారు. ఇక అప్పటినుంచి ప్రతి డిసెంబరులో ఒక శని, ఆదివారాలు రైలు జాతర. కరపత్రంలో ఇంగ్లీషు పేరేదో వేస్తారు గానీ జనం నోట్లో అది జాతరే.

ఆ రెండు రోజులూ చూడాలి. కోదాడ నుంచి బిర్యానీ డబ్బాలతో కుటుంబాలకు కుటుంబాలు దిగుతాయి. తెల్లచొక్కాలు వేసుకొచ్చినవాళ్లు చుక్కలచొక్కాలతో తిరిగిపోతారు, ఎందుకంటే గున్న పొగగొట్టం నుంచి నుసి రాలుతుంది. ఎదిగిన మగవాళ్లు కూడా కూత విని చెవులు మూసుకుని కిలకిల నవ్వుతారు. పెళ్లి ఫొటోలకు జంటలొస్తాయి. ఎక్కడో విజయవాడ నుంచి ఒకాయన వచ్చి పొద్దంతా ఇంజను చుట్టూ తిరిగి మరమేకులు కూడా లెక్కపెట్టి పుస్తకంలో రాసుకుంటాడు. అందరికన్నా ముందు వచ్చేది మాత్రం సూర్యాపేట అన్నపూర్ణమ్మ. ధాన్యం కొట్టు రాంచందర్ సేటు గారి భార్య. డెబ్బై దగ్గరపడినా మొదటి పెట్టెలో కిటికీ పక్క సీటు ఆమెదే. "ఏం జెయ్యాలమ్మా, మా పేటకు రైలు లేకపాయె. ఇంత పెద్ద ఊరు, జిల్లా గూడ అయింది, రైలు మాత్రం రాలె. గీ చిన్న రైలన్న ఎక్కి కడుపు నింపుకుంట" అంటుంది ప్రతి ఏడూ. ఒక్క ట్రిప్పుతో దిగదు, రోజంతా తిరుగుతుంది.

డ్రైవరు సీట్లో మళ్లీ వెంకటయ్యే, పక్కన మళ్లీ మత్తయ్యే. గేటు దగ్గర మరి? ఇంకెవరు, మళ్లీ సైదమ్మే. ఖాకీ కోటు, రెండు జెండాలు, తెల్లజడలో కనకాంబరాలు. జాతర కోసం వచ్చినవాళ్లు రైల్లోంచి చేతులూపితే ఆమె కళ్లు తిప్పేది కాదు. ఫొటోలకు నవ్వేది కాదు. రైలు పోతున్నంతసేపూ చక్రాలనే చూసేది. పొగరు అనుకున్నారు కొందరు. పొగరు కాదు, గేటు దగ్గరి మనిషి పని అది. రైలు పోతుంటే ఏ చక్రంలోనైనా నిప్పురవ్వలు లేస్తున్నాయా, ఏ గొలుసైనా ఊడి వేలాడుతోందా అని చూడాలి. ఇంజను నుంచి చివరి పెట్టె దాకా ఒక్కటి కూడా వదలకూడదు. మనుషుల మొహాలు చూస్తే చక్రం జారిపోతుంది. పాత అలవాటు, మానలేదు.

అలా మూడు జాతరలు గడిచాయి. మూడింట్లోనూ ఆమె నేల మీదే ఉంది.

నాలుగో జాతరకు ముందు సంఘం మీటింగులో ప్రేమ్ కుమార్ చెప్పాడు: ఈ ఆదివారంతో బాయిలర్ సర్టిఫికెట్ గడువు అయిపోతుంది. తర్వాత ఇంజనంతా విప్పాలి. మళ్లీ ఎప్పటికి బండి నడుపుతామో, రెండేళ్లో, నాలుగేళ్లో, దేవుడికే తెలియాలి. అందరూ ఉసూరుమన్నారు. సైదమ్మ మాత్రం లేచి నిలబడింది.

"సారూ, గట్లయితే గీసారి నేను ఇంజను ఎక్కుత."

వెంకటయ్య మొహం పక్కకు తిప్పుకున్నాడు.

"ఆయన సీట్ల కూసుంట. గేటు దాటేదాంక చాలు. నాకు అరవై ఆరు, ఆయనకు డెబ్బై రెండు. నాలుగేండ్ల ముచ్చట మాకు జెప్పకుండ్రి."

"తప్పకుండా ఎక్కండమ్మా," అన్నాడు ప్రేమ్ కుమార్. "గేటు సంగతి మేం చూసుకుంటాం. ఇన్నేళ్లూ మాకు తట్టనే లేదు, చూడండి."

ఆయన భార్య కృప చిలుకూరులో అంగన్‌వాడీ టీచరు. గేటు నేను చూస్తానని ఆమే ముందుకొచ్చింది. శనివారమంతా సైదమ్మ ఆమెకు పని నేర్పింది. ఏ కూతకు గేటు వెయ్యాలి, ఏ జెండా ఏ చేతిలో, ఎక్కడ నిలబడాలి. "బండి పోతుంటే మనుషుల దిక్కు సూడొద్దు బిడ్డా, సక్రాలు సూడాలె" అని పదిసార్లు చెప్పింది. కృప తెలివైన మనిషి. సాయంత్రానికి అన్నీ పట్టేసింది.

ఆదివారం సైదమ్మ పెట్టెలోంచి పట్టుచీర తీసింది. ఆకుపచ్చ చీర, ఎర్రంచు. "బొగ్గులకు పోతూ పట్టుచీరా?" అన్నాడు వెంకటయ్య. "నువ్వు మూసుకో" అంది ఆమె. ఐదు ట్రిప్పుల్లో మూడోది ఆమెకని అనుకున్నారు. పన్నెండింటికి కొడుకు తిరుమలేష్ బండి మీద దింపితే, పల్లంలో ఉన్న స్టేషనుకు చేరుకుంది. గున్న పక్కకు పోయి నిలబడి మెట్టు మీద కాలు పెట్టింది. సరిగ్గా అప్పుడే ప్రేమ్ కుమార్ ఫోను మోగింది. గేటు నుంచి కృప. గొంతులో ఏడుపు.

డిసెంబరు అంటే వడ్ల కాలం. మిర్యాలగూడ మిల్లులకు పోయే వడ్ల ట్రాక్టర్లు రోడ్డంతా బారులు తీరుతాయి. అవి ఇవాళ గేటు దగ్గర నలభై దాకా జమయ్యాయి. రెండు ట్రిప్పులకు ఓపిక పట్టారు. మూడోసారి గేటు వెయ్యబోతే రైతులు తిరగబడ్డారు. "ఆడుకునే రైలు కోసం మా వడ్లు ఆపుతరా?" అని ఒకాయన గేటును చేత్తో ఎత్తిపట్టుకున్నాడు. కృప బతిమాలింది. ఆమె గొంతు ట్రాక్టరు చప్పుడు దాటి బయటికి రాలేదు.

"గేటు పడకుంటే బండి కదలది," అన్నాడు వెంకటయ్య సీట్లోంచే. తప్పు లేదు, ఆ మాట అనాల్సిందే. కానీ సైదమ్మ వంక చూడకుండా అన్నాడు.

సైదమ్మ మెట్టు మీది నుంచి కాలు తీసింది. రెండు వందల మంది పెట్టెల్లో కూర్చుని ఎదురుచూస్తున్నారు. ఏం చేస్తుంది? "పోనీ బిడ్డా" అని కొడుకు బండి వెనక కూర్చుంది. గేటు దగ్గర దిగి పట్టుచీర కుచ్చిళ్లు నడుముకు చెక్కి ఆ గేటు పట్టుకున్న రైతు ముందుకు పోయి నిలబడింది.

"ఏ ఊరు కొడుకా నీది?"

"ఆత్మకూరు."

"ట్రాక్టరు మీద వడ్లున్నయి. ఆ రైల్ల మనుషులున్నరు. వడ్లు చిందితే ఎత్తుకుంటవ్. మనుషులు చిందితే ఎత్తుకుంటవా? ఇడువు."

అతను వదిలేశాడు. అదేం మంత్రమో గానీ నలభై ట్రాక్టర్లూ ఇంజన్లు ఆర్పేశాయి. గేటు పడింది. మూడో ట్రిప్పు పోయింది. నాలుగోదానికి పోతానని లేచేసరికి రోడ్డు మీద మళ్లీ కలబడ్డారు, నా ట్రాక్టరు ముందంటే నాది ముందని. కృప భయపడి ఆమె కొంగు పట్టుకుంది. ఇక ఆ పిల్లను ఎలా వదిలిపోతుంది? నాలుగో ట్రిప్పుకు కూడా సైదమ్మే జెండా చాపింది. చక్రాలు చూసింది. అంతా సవ్యంగా ఉంది. రైలు పోయాక పక్కకు తిరిగి కొంగుతో కళ్లు తుడుచుకుంది. బొగ్గు నుసి పడిందని కృపతో చెప్పింది. నుసి గిసి ఏమీ లేదు, ఏడుపే.

నాలుగున్నరకు చివరి ట్రిప్పు. పొద్దు వాలుతోంది. ఇక ఇంతేలే అనుకుంది సైదమ్మ. గేటు వేసి, పచ్చజెండా తీసి, ఎప్పుడూ నిలబడేచోట నిలబడింది. గున్న రొప్పుకుంటూ మలుపు తిరిగి ఎత్తెక్కుతూ వచ్చింది. ఇంకా వంద గజాలుంది. యాభై గజాలుంది. అప్పుడు చక్రాలు మెల్లబడ్డాయి. ఆమె కళ్లు చక్రాల మీదే ఉన్నాయి కాబట్టి అందరికన్నా ముందు ఆమెకే తెలిసింది. అవి ఇంకా మెల్లబడి, పెద్దగా మూలుగుతూ, గేటుకు ముప్పై గజాల ముందు ఆగిపోయాయి.

పుట్టి బుద్ధెరిగాక గున్న అక్కడ ఆగలేదు.

"ఏమైందయ్యో!" అని అరుస్తూ సైదమ్మ పరుగెత్తింది. ఇంజనులోంచి వెంకటయ్య దిగుతున్నాడు. ఆ మోకాళ్లతో ఒక్కో మెట్టూ వెనక్కి తిరిగి దిగేసరికి ఒక యుగం పట్టింది. చివరి పెట్టెలో గార్డుగా ఉన్న ప్రేమ్ కుమార్ ఎర్రజెండా పట్టుకుని ఉరికొచ్చాడు. "వెంకటయ్య గారూ, పాడైందా ఏంటండి?"

"ఏం పాడు గాలె," అన్నాడు ఆయన. సైదమ్మ ముందుకొచ్చి చెయ్యి చాపాడు. "జెండా ఇటియ్యి."

"ఎందుకు?"

"గేటు నేను సూస్త. నువ్వు పోయి ఎక్కు."

"నీకేమన్న పిస లేసిందా? గీ చడావులో బండాపితివి, మల్ల కదులుతదా అది?"

"కదలకపోతే కదలకపాయె. ఎక్కుమన్న గద!" అని కసిరాడు. "ఎక్కు సైదా, పొద్దువోతుంది."

నలభై ఎనిమిదేళ్ల కాపురంలో ఆయన నలుగురి ముందు ఆమెను సైదా అని పిలవడం అదే మొదలు. సైదమ్మ జెండా ఇచ్చేసింది.

మత్తయ్య చెయ్యి అందించి పైకి లాగాడు. లోపల వేడి, నూనె వాసన, పొయ్యి మంట. మిల్లు నుంచి వచ్చిన ఏసుపాదం అనే బాయిలర్ మనిషి పారతో బొగ్గు వేస్తున్నాడు. ఎడమ పక్కన అరిగి నున్నగైన చెక్క సీటు. మత్తయ్య దాన్ని తుడిచి, "కూసో వదినె" అన్నాడు. తను పక్కన నిలబడి ఆవిరి వదిలే రెగ్యులేటర్ కడ్డీ లాగాడు. గున్న గర్జించింది. చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరిగాయి. ఇంకోసారి లాగాడు. మళ్లీ అంతే. వెంకటయ్య అన్నేళ్లు చెప్పింది అక్షరాలా నిజం.

పెట్టెల్లోంచి తలలు బయటికొచ్చాయి. సంగతి ఒక పెట్టె నుంచి ఇంకో పెట్టెకు పాకింది. గేటు దగ్గరుండే అమ్మ ఎక్కిందంట, ఇన్నేండ్లకు మొదటిసారంట, బండి కదుల్తలేదంట. అన్నపూర్ణమ్మ మొదటి పెట్టెలోంచి ఎవరి భుజమో పట్టుకుని దిగింది. దిగి, వెనక్కి తిరిగి గొంతెత్తింది.

"ఏందట్ల కూసున్నరు? దిగుండ్రి! ఆమె ఒక్కతే పోతది, మనం నడుద్దాం. రోజంత ఎక్కినం గద, ఒక్కసారి ఆమెను ఎక్కనియ్యుండ్రి!"

బిలబిలమంటూ దిగారు. రెండు వందల మంది. చంకల్లో పిల్లలు, చేతుల్లో టిఫిన్ డబ్బాలు. కొందరు కట్ట పక్క ఇసుక తెచ్చి మత్తయ్య చెప్పినచోట పట్టాల మీద చల్లారు. గేటు అవతల ట్రాక్టర్ల మీది నుంచి కూడా నలుగురు దూకి వచ్చారు. వాళ్లలో ఆత్మకూరు రైతు ఉన్నాడు. మత్తయ్య అందరినీ దూరం జరగమని కేకేసి, మెల్లగా, చాలా మెల్లగా కడ్డీ లాగాడు. గున్న ఒక్క జర్కు ఇచ్చింది. ఇసుక కరకరలాడింది. చక్రాలు పట్టు దొరకబుచ్చుకుని కదిలాయి. జనం ఈలలు వేశారు, చప్పట్లు కొట్టారు. ఖాళీ పెట్టెల రైలు సైదమ్మ కోసం ఎత్తెక్కుతుంటే, టిక్కెట్లు కొన్నవాళ్లంతా పక్కన నడిచారు.

సైదమ్మకు అవేవీ పట్టలేదు. సీట్లో నిటారుగా కూర్చుని, ముందున్న చిన్న అద్దంలోంచి చూసింది. బాయిలర్ నల్లటి వీపు తప్ప ఏమీ కనపడలేదు. మెడ సాచి పక్కకు వంగి చూసింది. పత్తి చేను, తుమ్మచెట్లు, ఆకాశం. గేటు లేదు. గేటు పక్క మనిషి లేదు.

"మత్తయ్యా, గేటేది?"

"గేటు ఆ పక్కకుంది వదినె. బండి కుడిచేతికి తిరుగుతది గదా, గీ సీట్లకెళ్లి గేటు కనవడది. బాయిలర్ అడ్డమొస్తది."

"ఎన్నడు కనవడదా?"

"ఎన్నడు కనవడది. ఫైర్‌మన్ సూసి సెప్పాలె, గేటు పడ్డదని. డ్రైవర్‌కేం అగుపడుతది?"

గేటు కనవడ్తది అన్నది కూడా అబద్ధమే అన్నమాట. ఆయనకు గేటు కూడా కనపడలేదు. ఇరవై రెండేళ్లు. ఆ కనకాంబరాలు, ఆ బొట్టు, ఆ ఉతికిన చీరలు, ఎండలో ఆ నిలబడటం, అన్నీ ఈ నల్లటి ఇనుప వీపుకు చూపించింది. ఎంత పిచ్చిదాన్ని, ఎంత పిచ్చిదాన్ని అనుకుంది.

మత్తయ్య ఆమె మొహం చూసి కంగారుపడ్డాడు. "ఏంది వదినె, గట్లయితవేంది? అన్న నీకెన్నడు జెప్పలేదా?"

"ఏం జెప్పలే?"

"ఓరి దేవుడా!" అని తల కొట్టుకున్నాడు మత్తయ్య. "ఆ మలుపు తిరగంగనే అన్న సీటిడిశిపెట్టి, రెగ్యులేటర్ నా చేతికిచ్చి, నా జాగలకొచ్చి నిలబడెటోడు. పోంగ, రాంగ, ప్రతిసారి. నేను గీడ, ఆయన గాడ. గేటు దాటినంక మల్ల సీటు మారెటోళ్లం. మేనేజర్‌కు తెలిస్తే ఇద్దరి నౌకరీ ఖతం. వద్దన్నా అంటే ఇనకపోతుండె. నిన్ను సూసెటోడు వదినె! సూసి, ఇయ్యాల పసుపు చీర కట్టింది మత్తిగా, ఇయ్యాల మొకం గుంజుకపోయినట్టుంది, జరమొచ్చిందేమో అని నాకు జెప్పెటోడు. నేనింటుంటి. నువ్వేమో తలెత్తకుండ సక్రాలు సూసుకుంట నిలబడెదానివి. నీకు తెలుసనుకున్న గద!"

సైదమ్మ సీట్లోంచి లేచిపోయింది. ఏసుపాదాన్ని తోసుకుని కుడి పక్కకు వచ్చి వాకిలి ఊచ పట్టుకుని బయటికి వంగింది. గేటు అప్పుడే దగ్గరికొచ్చింది. గేటు పక్కన, సరిగ్గా తను నిలబడేచోట వెంకటయ్య నిలబడ్డాడు. పచ్చజెండా వంకరగా పట్టుకున్నాడు. ఒంటి మీద బొగ్గు, నెత్తికి తువ్వాల, ఒక మోకాలు వంగింది. ఆమెను చూసి మొదట జెండా ఇంకొంచెం ఎత్తాడు, తర్వాత ఎందుకో దించేశాడు. అంత పెద్ద మనిషి ఎండలో ఎంత చిన్నగా కనపడ్డాడో! చెయ్యి చాపితే అందేంత దగ్గర నుంచి బండి పోయింది. తల తిప్పుకుంటూ, తిప్పుకుంటూ, ఆయన కనపడినంత దూరం చూసింది.

మర దగ్గర బండి పది నిమిషాలు ఆగింది. నడిచొచ్చినవాళ్లంతా పెట్టెల్లో ఎక్కారు. అన్నపూర్ణమ్మ ఇంజను కిందికొచ్చి, "ఎట్లుందమ్మా?" అని అడిగింది. "మంచిగున్నదమ్మా" అంది సైదమ్మ. అంతకన్నా చెబితే ఏడుస్తానని ఆమెకు తెలుసు.

తిరుగు దారిలో మత్తయ్య గేటు దగ్గర బండి ఆపాడు. పల్లానికే కదా, మళ్లీ కదలడానికి బాధలేదు. సైదమ్మ దిగింది. వెంకటయ్య జెండా ఆమె చేతికిచ్చి, మెట్టు మీద కాలు పెట్టబోయాడు. ఆమె ఆయన చొక్కా పట్టి ఆపింది.

"ఎందుకు జెప్పలే?"

వెంకటయ్య ఇంజనులోకి చూశాడు. మత్తయ్య ఉన్నట్టుండి ఆవిరి ఒత్తిడి చూపే ముల్లును చూడటంలో మునిగిపోయాడు.

"ఆ మత్తిగాని నోట్ల నువ్వుగింజ నానది."

"నిన్నడుగుతున్న. యాభై ఏండ్లు కావస్తుంది. గేటు కనవడ్తది, గేటు కనవడ్తది అంటివి. ఒక్కనాడన్న జెప్పొద్దా?"

ఆయన తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు. బొగ్గు ఇంకా పరుచుకుంది.

"చెప్తే నువ్వు సక్రాలు సూస్తుంటివా?" అన్నాడు.

 సైదమ్మ పట్టుకున్న చొక్కా వదిలేసింది. ఆయన మూలుగుతూ ఒక్కో మెట్టే ఎక్కాడు. గేటు అవతల ట్రాక్టర్లవాళ్లు ఒక్కరు కూడా హారను కొట్టలేదు. కూత వినపడగానే సైదమ్మ తన చోటికి పోయి పచ్చజెండా చాపింది. బండి కదిలింది. మత్తయ్య ఎడమ పక్కకు జరిగాడు, వెంకటయ్య కుడి పక్కకొచ్చి నిలబడ్డాడు. ఆ ఒక్క ట్రిప్పుకు చక్రాలు ఎవరూ చూడలేదు.